క్విజ్‌లో పదికి పది, చిల్లర్ దగ్గర తప్పు కొలత: ఒక చికెన్ ప్లాంట్‌లో ఆన్‌లైన్ శిక్షణ

కోసిన కోళ్లను ఐసు నీళ్లలో చల్లబరిచే చిల్లర్‌లోంచి బయటికొచ్చిన కోడిని అక్కడ పనిచేసే ఒకామె చేతిలోకి తీసుకుంది. పొట్ట లోపలి ఖాళీలోకి థర్మామీటర్ సూది, అంటే ప్రోబ్, దూర్చింది. 2 డిగ్రీలు పడింది. రిజిస్టర్‌లో 2 అని రాసి, టిక్కు పెట్టి కోడిని ముందుకు పంపింది. నేను అదే కోడిని వెనక్కి తీసుకుని, రొమ్ము కండ మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా ప్రోబ్ గుచ్చాను. 9 డిగ్రీలు. ఆమె కొలిచింది కోడిని కాదు, పొట్టలో నిలిచిన ఐసు నీళ్లని.

అంతకు రెండు రోజుల ముందే ఆమె మా ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసింది. క్విజ్‌లో పదికి పది వచ్చాయి. చిల్లింగ్ తర్వాత కోడి లోపలి ఉష్ణోగ్రత ఎంతకు మించకూడదు అన్న ప్రశ్నకు 4 డిగ్రీలు అని సరిగ్గానే నొక్కింది. నేను అడిగినా అదే చెప్పింది. "నాలుగు సార్. రెండే ఉంది కదా, ఇంకా మంచిదే కదా?"

ఆమెను తప్పుపట్టడానికేం లేదు. ఎంత ఉండాలో నేర్పాం, ఎక్కడ గుచ్చాలో నేర్పలేదు. "ఎంత" అనే ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు రాయడం తేలిక. "ఎక్కడ" అని అడగాలంటే కోడి కావాలి, ప్రోబ్ కావాలి, పక్కన నిలబడి చూసే మనిషి కావాలి. తేలికైన ప్రశ్న అడిగి, వచ్చిన జవాబు చూసి శిక్షణ అయిపోయిందనుకున్నాం. మాంసం ప్లాంట్లలో ఆన్‌లైన్ శిక్షణ పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగినప్పుడల్లా ముందుగా ఈ 9 డిగ్రీల సంగతే చెప్తాను.

నేను వెటర్నరీ చదివి, మాంసం ప్లాంట్లలో క్వాలిటీ, శిక్షణ పనుల్లో స్థిరపడ్డవాణ్ని. ఈ ప్లాంట్ హైదరాబాద్ దాటాక బెంగళూరు హైవే వైపు ఉంది. పేరు అక్కర్లేదు. లారీలోంచి బతికున్న కోళ్లు దించడం దగ్గర్నుంచి హలాల్ కటింగ్, స్కాల్డింగ్ (వేడినీళ్లలో ముంచడం), ఈకలు తీయడం, పేగులు తీయడం, చిల్లింగ్, ముక్కలు కొట్టడం, ప్యాకింగ్, ఫ్రీజింగ్ దాకా అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. హలాల్ కట్ చేసేవాళ్లు హైదరాబాదీలు. ఎముకలు తీసే డీబోనింగ్ టేబుళ్ల దగ్గర ఎక్కువమంది జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు. ప్యాకింగ్‌లో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు.

2020 వరకు మా శిక్షణ ఎలా ఉండేదో దాచుకోకుండా చెప్తాను. మీటింగ్ రూమ్‌లో రెండు గంటల క్లాసు. స్లైడ్లు ఇంగ్లిష్‌లో ఉండేవి, నేను తెలుగులో, వచ్చీరాని హిందీలో చెప్పేవాణ్ని. రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లు కునుకు తీసేవాళ్లు. చివర్లో అందరూ సంతకం పెట్టేవాళ్లు. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల్లో షెడ్యూల్ 4 అని ఒకటుంది. శుభ్రత, ఉద్యోగుల ఆరోగ్య పరీక్షలు, శిక్షణ వగైరా అందులోనే ఉంటాయి. దాని ప్రకారం శిక్షణ రికార్డు ఉండాలి కాబట్టి మా దగ్గర రికార్డు ఉండేది. ఆడిటర్ ఆ సంతకాల షీటు చూసి పేజీ తిప్పేసేవాడు. కాబట్టి ఆన్‌లైన్ వచ్చి మంచి క్లాసురూమ్ శిక్షణను పాడుచేసిందని నేను అనలేను. పాడుచేయడానికి ముందసలు మంచిది ఉండాలిగా.

2020లో ఏం జరిగిందో ఈ రంగంలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ముందు చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుతో అమ్మకాలు పడిపోయాయి. ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినా మాంసం నిత్యావసరాల్లో ఉండటంతో ప్లాంట్ ఆగలేదు. మే 1న వలస కార్మికులను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. ఆ తర్వాత వారం వారం మా డీబోనింగ్ టేబుళ్లు ఖాళీ అవుతూ వచ్చాయి. ఏళ్ల తరబడి కత్తి పట్టిన చేతులు వెళ్లిపోయాయి. వాళ్ల స్థానంలో దగ్గరి ఊళ్ల నుంచి కొత్తవాళ్లను తీసుకున్నారు, అందులో సగానికి పైగా ఆడవాళ్లు. మీటింగ్ రూమ్‌లో పదిమందిని కూర్చోబెట్టే వీల్లేదు. "ఆన్‌లైన్ పెట్టేయండి సార్, అందరి దగ్గరా ఫోన్లున్నాయిగా" అంది మేనేజ్‌మెంట్. నేనూ తలూపాను.

మొదట రెడీమేడ్ కోర్సు కొన్నాం. విదేశీ సంస్థ తయారుచేసింది, హిందీ డబ్బింగ్ ఉంది, చూడ్డానికి సినిమాలా ఉంది. రెండో పాఠం తెరిచేసరికి హుక్కులకు వేలాడుతున్నవి పందులు. పాశ్చాత్య దేశాల మాంసం పరిశ్రమలో పంది, గొడ్డు మాంసం కూడా పెద్ద భాగమే కాబట్టి వాళ్ల పాఠాల్లో అవీ ఉంటాయి. కొనేముందు మొత్తం చూడకపోవడం నా తప్పు. హలాల్ సెక్షన్ ఉస్తాద్ సగంలో లేచి నిలబడి, "ఇది మా పని కాదు డాక్టర్ సాబ్" అని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వెనకే సెక్షన్ మొత్తం లేచింది. నేను ఆపలేదు.

మిగతావాళ్లకు ఫోన్లలో లింక్ పంపాం. ఎవరు పూర్తి చేశారో చూపించే డాష్‌బోర్డు మూడు వారాల్లో అంతా పచ్చగా మారింది. అందరూ పూర్తి చేసేశారు. యాజమాన్యం సంబరపడింది. నాకు అనుమానమొచ్చింది కూడా జనం మీద నమ్మకం లేక కాదు, ఒక తప్పు జవాబు వల్ల. కత్తులు వేడినీళ్లలో ముంచే స్టెరిలైజర్ ఎంత వేడిగా ఉండాలన్న ప్రశ్నకు పదకొండు మంది 62 అని నొక్కారు. సరైన జవాబు 82. తప్పు చేయడం మామూలే, కానీ అందరూ ఒకే తప్పు చేయరు. ఎవరు ఎప్పుడు రాశారో చూపించే లాగ్ తెరిచి చూస్తే ఆ పదకొండు మందీ ఒకే రాత్రి, పదకొండు దాటాక, ఒకరి తర్వాత ఒకరు నాలుగేసి నిమిషాల్లో కోర్సు ముగించారు. క్యాంటీన్‌లో పనిచేసే కుర్రాడికి మంచి ఫోను, అపరిమిత డేటా ఉన్నాయి. తలకో టీ తీసుకుని అందరి క్విజ్‌లూ రాసిపెట్టాడు. పిలిచి అడిగితే ఏమీ దాచలేదు. "సార్, వాళ్లకు చదవడం రాదు. పాస్ కాకపోతే జీతం కట్ అవుతుందని కాంట్రాక్టర్ మున్షీ అన్నాడు. నేను హెల్ప్ చేసిన." ఆ ప్లాంట్‌లో ఆ కోర్సు నిజంగా పూర్తిచేసిన మనిషి బహుశా వాడొక్కడే. తర్వాత క్వాలిటీ సెక్షన్‌లో హెల్పర్‌గా తీసుకున్నాం, అది వేరే కథ.

అందరి దగ్గరా ఫోన్లున్నాయన్న మాట కూడా సగమే నిజం. ప్యాకింగ్‌లో చేరిన ఆడవాళ్లలో చాలామందికి ఉన్నది ఇంటి ఫోను, అది మగాడి జేబులో ఉంటుంది. సొంతంగా ఉన్నది బటన్ ఫోను. ఇంకో సంగతి, ప్రాసెసింగ్ హాల్లోకి ఫోన్ అసలు రానివ్వకూడదు. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకుని మళ్లీ కోడిని ముట్టుకుంటే శుభ్రత ఏమున్నట్టు? కిందపడి స్క్రీన్ పగిలితే ఆ గాజు ముక్కను మెటల్ డిటెక్టర్ పట్టలేదు. అంటే ఫోన్లో నేర్పి, ఫోన్ బయట పెట్టమంటున్నాం. పని చేసే చోట పాఠం ఉండదు, పాఠం ఉన్న చోట పని ఉండదు. ఆఫీసు ఉద్యోగులకు నడిచే ఆన్‌లైన్ శిక్షణ మాంసం ప్లాంట్‌లో నడవకపోవడానికి మొదటి కారణం ఇదే అంటాను. చదువు రాకపోవడం ఆ తర్వాతే.

లాకర్ రూమ్‌కీ చేతులు కడిగే చోటుకీ మధ్య పొడిగా ఉండే నడవలో గోడకు రెండు ట్యాబ్లెట్లు బిగించాం. పేరు టైపు చేయక్కర్లేదు, తన ఫొటో మీద నొక్కితే చాలు. ఇక్కడిదాకా సులువే. గొడవంతా టైము దగ్గర వచ్చింది. షిఫ్ట్‌కు ముందు పదిహేను నిమిషాలు రమ్మంటే ఆ పదిహేను నిమిషాలకు డబ్బెవరిస్తారని కాంట్రాక్టర్ అడిగాడు. అడగడం న్యాయమే. షిఫ్ట్‌లో ఇస్తే లైన్ ఆగుతుందని ప్రొడక్షన్ వాళ్లన్నారు, అదీ న్యాయమే. మూడు మీటింగులైనా తేలలేదు.

తేల్చింది ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి. మొదటి కోడిని షాకిల్‌కు, అంటే వేలాడదీసే కొక్కేనికి, తగిలించాక అది నెత్తురు కారి, వేడినీళ్లలో మునిగి, ఈకలూ పేగులూ పోయి, చిల్లర్‌లో చల్లబడి కటింగ్ టేబుల్‌కు వచ్చేసరికి గంట దాటుతుంది. కానీ హ్యాంగింగ్ వాళ్లూ కటింగ్ వాళ్లూ ఒకే టైముకు డ్యూటీ ఎక్కుతారు. ఆ గంటసేపు కటింగ్ వాళ్లు క్రేట్లు సర్దుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అదే మా క్లాసు టైము అయింది. సాయంత్రం చివరి కోడి తగిలించాక హ్యాంగింగ్, హలాల్ సెక్షన్ల వాళ్లకు అదే గంట ఖాళీ వస్తుంది. వాళ్లకప్పుడు. ఒక్క రూపాయి ఓవర్‌టైమ్ లేకుండా, ఒక్క నిమిషం లైన్ ఆపకుండా పని జరిగిపోయింది. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల ప్రెజెంటేషన్‌లోనూ ఈ ఆలోచన నాకు కనిపించలేదు. లైన్ పక్కన రోజూ నిలబడేవాడికే అది తట్టింది.

ఇక పాఠాలు. కొన్నవి పక్కన పడేసి సొంతంగా తీయాలనుకున్నాం. క్వాలిటీ సెక్షన్ అమ్మాయి ఫోను, ఒక స్టాండ్, కాలర్‌కు పెట్టుకునే మైకు, ఇంతే సరంజామా. ఇంటిదగ్గర మళ్లీ చూసుకుంటామన్నవాళ్లకు వాట్సాప్‌లో పంపాలి, అప్పట్లో వాట్సాప్ 16 ఎంబీకి మించి వీడియో పోనిచ్చేది కాదు. అందువల్ల ఏ వీడియో అయినా మూడు నిమిషాల లోపే ముగించాల్సి వచ్చేది. ఇంతకన్నా మంచి ఎడిటర్ నాకు దొరకలేదు. ముందుమాట పోయింది, కంపెనీ లోగో తిరగడం పోయింది, "ఆహార భద్రత అనగా" పోయింది. వీడియో తెరవగానే చెయ్యి, కత్తి, కోడి.

మొదటి వీడియోకు కత్తి శుభ్రం చేయడం ఎంచుకున్నాం, అరగంట పని అనుకుని. ఐదుగురు సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి, మీ దగ్గర ఎలా చేయిస్తున్నారో చెప్పండి అన్నాను. ఒకరు ప్రతి కోడికీ ముంచాలన్నారు. ఇంకొకరు బ్రేక్‌కు బ్రేక్‌కు చాలన్నారు. ఒకాయన ముంచి తీసి ఏప్రన్‌కు తుడుచుకోమని చెప్తున్నాడట. ఏప్రన్‌కు! ఒకావిడ స్టెరిలైజర్ ఆన్ చేసి పెడతామనీ వేడి ఎప్పుడూ చూడలేదనీ నిజం ఒప్పుకున్నారు. ఐదోవాడు మాట్లాడలేదు. ఐదు షిఫ్టుల్లో ఐదు శాస్త్రాలు. కొత్తగా చేరినవాళ్లు షిఫ్ట్ మారినప్పుడల్లా ఒకరు చెప్పినదానికి ఇంకొకరి చేత తిట్లు తినేవాళ్లు. ఇన్నాళ్లూ "వర్కర్లకు తెలియదు" అని మేము రాసుకున్న రిపోర్టుల్లో సగానికి అసలు కారణం మేమే.

రెండు రోజులు వాదించుకున్నాం. 82 డిగ్రీల నీళ్లలోనైనా కత్తిని ఇలా ముంచి అలా తీస్తే లాభం లేదు, కాసేపు అందులోనే ఉండాలి. పనివాడు అంతసేపు చేతులు కట్టుకుని నిలబడలేడు. అందుకని మనిషికి రెండు కత్తులు: ఒకటి చేతిలో ఉంటే ఇంకొకటి వేడినీళ్లలో. పేగు తెగితే అప్పటికప్పుడు మార్చాలి, తెగకపోయినా నిర్ణీత సమయానికి మార్చాలి. ఈ ఒక్క మాట మీదికి వచ్చాకే కెమెరా ఆన్ చేశాం. వీడియో మూడు నిమిషాలే, కానీ వీడియో తీయకపోయి ఉంటే ఆ రెండు రోజుల వాదన ఎప్పటికీ జరిగేది కాదు. ఆన్‌లైన్ శిక్షణ వల్ల మాకు జరిగిన పెద్ద మేలు ఏమిటంటే వీడియో చూసినవాళ్లు నేర్చుకున్నది కాదు, తీసినవాళ్లు నేర్చుకున్నది అని చెప్తాను. మేనేజ్‌మెంట్‌కు ఈ మాట నచ్చదు. వాళ్లు ట్యాబ్లెట్లు కొన్నది వర్కర్ల కోసం.

భాష దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. క్రాస్ కంటామినేషన్‌ను ఏమనాలి? పచ్చి పేగుల మురికి చేతి నుంచి కత్తికి, కత్తి నుంచి బల్లకు, బల్ల నుంచి శుభ్రంగా ఉన్న మాంసానికి పోవడం. నేను స్క్రిప్టులో "అంటు" అని రాసుకున్నాను. చిన్న మాట, అందరికీ తెలిసిన మాట అనుకున్నా. రిహార్సల్‌లో ప్యాకింగ్ సెక్షన్ పెద్దావిడ ఒకరు విని, "ఆ మాట తీసెయ్ సారూ. మమ్మల్ని అనని నోరు లేదు ఆ మాట" అంది. నేను ఆ క్షణందాకా దాన్ని సూక్ష్మజీవుల మాటగానే చూశాను. ఆమె దాన్ని బావి దగ్గర, గుడి ముందు విన్నది. తీసేశాం. ఏం పెడదామని ఆమెనే అడిగితే, "మురికి పాకుతది అను, అర్థమైతది" అంది. అలాగే పెట్టాం. పాకడం చూపించడానికి ఒకరి గ్లవ్స్‌కు నీలం ఫుడ్ కలర్ రాసి, మామూలుగా పనిచేయమని, అయిదు నిమిషాల తర్వాత బల్ల మీద, కత్తి పిడి మీద, క్రేట్ అంచు మీద, చివరికి పక్కావిడ భుజం మీద ఆ నీలం ఎక్కడెక్కడ తేలిందో చూపించాం. మా వీడియోల్లో జనం తమంతట తాము మళ్లీ చూసింది ఇదొక్కటే. ఎవరి భుజం మీద రంగు పడిందో చూసి నవ్వుకోవడానికి కావచ్చు. చూశారు, అది చాలు నాకు.

పాఠాలు పెట్టడానికి మూడ్ల్ వాడాం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టిన, ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, 2002 నుంచి ఉంది. యాప్‌లో పాఠం ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. కోల్డ్ రూముల పక్కన సిగ్నల్ అందని మా నడవకు అది బాగా పనికొచ్చింది. హెచ్5పీ అనే ఇంకో ఉచిత పనిముట్టుతో వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడగొచ్చు. ప్రశ్నలన్నీ బొమ్మల మీదే పెట్టాం. కోడి బొమ్మ చూపించి, ప్రోబ్ ఎక్కడ గుచ్చుతావు, అక్కడ నొక్కు. చదవడం రానివాళ్లు కూడా గబగబా నొక్కేవాళ్లు. సాఫ్ట్‌వేర్ గురించి ఇంతకంటే చెప్పాల్సిందేం లేదు. ఏది వాడినా నడుస్తుంది.

బొమ్మ మీద సరిగ్గా నొక్కినంత మాత్రాన పూర్తి అయినట్టు కాదని ఈసారి ముందే రూలు పెట్టుకున్నాం. వీడియో చూసిన వారం లోపు, లైన్ మీద, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు సూపర్‌వైజర్ ముందు చేసి చూపించాలి. అప్పుడు సూపర్‌వైజర్ కార్డు మీద సంతకం పెడతారు, మూడు సంతకాలు పడ్డాకే మూడ్ల్‌లో పచ్చ రంగు వస్తుంది. పచ్చదనం తగ్గిపోయింది. మొదటి నెల డాష్‌బోర్డు ఎర్రగా చూసి హెడ్డాఫీసు నుంచి ఫోన్లొచ్చాయి. సూపర్‌వైజర్లూ గొణిగారు, వాళ్లకు పని పెరిగింది. ఒకరిద్దరు చూడకుండానే సంతకాలు పెట్టేవాళ్లు, అలాంటివి నేను యాదృచ్ఛికంగా లైన్ మీదికెళ్లి మళ్లీ చేయించేవాణ్ని. ఈ ముక్క ఇప్పటికీ పూర్తిగా కుదిరిందని అనను.

కత్తి పట్టడం మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టలేదు. పెట్టమని ఒత్తిడొచ్చింది. కాలు బోన్‌లెస్ చేయడంలో కత్తి మొన కీలు సందులోకి ఎక్కడ దిగాలి, ఎముకను ఆనుకుని ఎలా జారాలి, ఎడమ చేతికి స్టీల్ గ్లవ్ ఉన్నా వేళ్లు ఎలా ముడవాలి, ఇదంతా చేతికి చెయ్యి పట్టి నేర్పాల్సిందే. కత్తి మొద్దుబారిందని కంటికి తెలియదు, మణికట్టుకు తెలుస్తుంది. మొద్దు కత్తితో బలం ఎక్కువ పెట్టబట్టే ఎక్కువ గాయాలయ్యేది. అయినా ఒక ప్రయోగం చేశాం. డీబోనింగ్‌లో మిగిలిన ఒకే ఒక్క పాత పనివాడు కాలు విప్పుతుంటే స్లో మోషన్‌లో తీశాం. మామూలు వేగంలో ఆయన చెయ్యి చూస్తే ఏం జరిగిందో తెలియదు, కోడి కాలు తనంతట తానే విడిపోయినట్టుంటుంది. నెమ్మదిగా చూస్తే మొన కీలులోకి దిగే ముందు బొటనవేలు ఎముకను కొంచెం తిప్పుతోంది. అన్నేళ్లలో ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, దాచాలని కాదు, చేస్తున్నానని తెలియక. ఆ తర్వాత కొత్తవాళ్లు ముందు వీడియో చూసి, ఆపైన ఆయన పక్కన నిలబడటం మొదలుపెట్టారు. చూసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయని ఆయనే చెప్పాడు.

ఫలితం అంటే జనం గ్రాఫులు అడుగుతారు. నా దగ్గర ఉన్నది ఒక ఇబ్బందికరమైన ఫలితం. థర్మామీటర్ పాఠం అయ్యాక చిల్లర్ రిజిస్టర్‌లో 4 దాటిన రీడింగులు ఒక్కసారిగా పెరిగాయి. అంతకుముందు నెలలకు నెలలు ఎప్పుడో ఒకటి ఉండేది. ఇప్పుడు ప్రతి రెండో షిఫ్ట్‌లో వస్తున్నాయి. "ట్రైనింగ్ ఇచ్చాక పాడైందేంటి డాక్టర్ గారూ?" అని ప్లాంట్ మేనేజర్ గట్టిగానే అడిగారు. పాడవలేదు, ఇన్నాళ్లూ ఉన్నదే ఇప్పుడు కనిపిస్తోందని నచ్చజెప్పడానికి ఆయన్ని చిల్లర్ దగ్గరికి తీసుకెళ్లి, ఒకే కోడిలో రెండు చోట్ల గుచ్చి చూపించాల్సి వచ్చింది. తర్వాత తవ్వితే అసలు సంగతి బయటపడింది. ఫామ్‌ల నుంచి పెద్ద సైజు కోళ్లు వచ్చిన రోజుల్లోనే ఈ గోల. కోడి బరువు పెరిగేకొద్దీ రొమ్ము లోపలి వేడి బయటికి రావడానికి ఎక్కువసేపు పడుతుంది, మేమేమో చిన్న కోళ్లకు పెట్టిన వేగంతోనే లైన్ నడుపుతున్నాం. పెద్ద కోళ్ల రోజున లైన్ వేగం తగ్గించి, ఐసు పెంచాం. సాల్మొనెల్లా లాంటి క్రిములు చల్లదనంలో దాదాపు పెరగవు, గోరువెచ్చగా ఉంటే గంటల్లో రెట్టింపు రెట్టింపు అవుతాయి కాబట్టి ఇదేం చిన్న విషయం కాదు. ఎవరైనా శిక్షణ తర్వాత తప్పులు తగ్గాయని చెప్తే, ముందు వాళ్ల రిజిస్టర్ ఎవరు రాస్తున్నారో అడగాలనిపిస్తుంది నాకిప్పుడు.

సూపర్‌వైజర్ల సంగతి వేరు. వాళ్లకు ఆన్‌లైన్ బాగానే కుదిరింది. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నడిపే ఫోస్టాక్ అనే శిక్షణ పథకం ప్రకారం ప్రతి 25 మంది పనివాళ్లకు శిక్షణ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ ఒకరు ఉండాలి. మాంసం, పౌల్ట్రీకి అందులో ప్రత్యేక కోర్సు ఉంది. కొవిడ్ కాలంలో ఆ క్లాసులూ ఆన్‌లైన్‌లో జరిగాయి. చదవడం వచ్చినవాళ్లు, లాప్‌టాప్ అలవాటున్నవాళ్లు కాబట్టి నియమాలు, రికార్డులు, ఎక్కడ ప్రమాదం ఎక్కువ అన్న లెక్కలు స్క్రీన్ మీద బాగానే పట్టుకున్నారు. చేత్తో తాకి చూడాల్సినవి మాత్రం మిగిలిపోయాయి. మాంసం మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ 1999 నుంచి మన హైదరాబాద్‌లోనే, ఇప్పుడు చెంగిచెర్లలో ఉంది. ఆంక్షలు సడలాక సూపర్‌వైజర్లను అలాంటి చోట్లకు ప్రత్యక్ష శిక్షణకు పంపమని యాజమాన్యానికి రాశాను. కొందరిని పంపారు.

నేను చేసిన అతిపెద్ద తప్పు ఒకటి చెప్పాలి. ఒడియా గొంతు కోసం కాంట్రాక్టర్ దగ్గరి మున్షీని పెట్టుకున్నాం. హిందీ స్క్రిప్టు ఇస్తే చదువుతూ ఒడియాలో చెప్పుకుపోయాడు. మాలో ఎవరికీ ఒడియా రాదు. వీడియో ఎనిమిది నెలలు నడిచింది. ల్యాబ్‌లో చేరిన ఒడియా అమ్మాయి ఒకరోజు నడవలో నిలబడి విని, నా దగ్గరికొచ్చి, "సార్, ఇందులో గ్లవ్స్ వేసుకుంటే చేతులు కడగక్కర్లేదని చెప్తున్నారు, అంతేనా?" అంది. మేం రాసింది గ్లవ్స్ వేసుకున్నా కడగాల్సిందేనని. ఎనిమిది నెలలు తప్పు పాఠాన్ని పద్ధతి ప్రకారం, రికార్డుతో సహా, రోజూ చెప్పించాం. క్లాసులో నేను నోరుజారితే ఆ రోజుతో పోయేది. వీడియోలో నోరుజారితే రోజూ జారుతూనే ఉంటుంది. అప్పటినుంచి ఏ భాషలో గొంతు పెట్టినా, ఆ భాష వచ్చిన ఇంకో మనిషి విని, తాను విన్నది తెలుగులోనో హిందీలోనో తిరిగి నాకు చెప్పాలి. స్క్రిప్టుతో సరిపోతేనే ట్యాబ్లెట్‌కు ఎక్కుతుంది. చిన్న చికెన్ షాపుల వాళ్లు కొందరు ఈ వీడియోలు తమకూ పంపమని అడిగారు. ఇవ్వలేదు. చిల్లర్ లేని చోట చిల్లర్ పాఠం ఏం చేసుకుంటారు? చెక్క మొద్దు మీద కొట్టే షాపుకు ఆ మొద్దు దగ్గరే మొదలయ్యే పాఠం వేరే తీయాలి. ఇంకా తీయలేదు.

ఈ నెల అస్సాం నుంచి పద్నాలుగు మంది కుర్రాళ్లు చేరారు. అస్సామీ చదివేవాళ్లు దొరికారు, విని తిరిగి చెప్పే రెండో మనిషి దొరకలేదు. అందుకని చేతులు కడిగే వీడియో, థర్మామీటర్ వీడియో రెండూ గొంతు తీసేసి, చేతులు చేసే పని మాత్రమే చూపిస్తూ, తప్పు దగ్గర ఎర్ర గీత, ఒప్పు దగ్గర పచ్చ గీతతో మళ్లీ కట్ చేయిస్తున్నాను. సోమవారం మొదటి బ్యాచ్‌కు చూపించి, ప్రోబ్ చేతికిస్తాం.